నాలుగోనాటి నీళ్ళు

మా ఇంట్లో ఆడవాళ్ళ బాధలన్నిటికీ నాలుగో దినం పొద్దున నెత్తిన పోసుకునే నీళ్ళే హద్దు. ముట్టయితే ఆ నీళ్ళు పడేదాకా పెరటి వసారాలో కూర్చోవాలి. చాప వేరు, చెంబు వేరు. రొట్టె పైనుంచి వదిలితే తట్టలో పట్టుకోవాలి. నీళ్ళు పడ్డాయా, ఇక అంతా అయిపోయినట్టే. తర్వాత ఒంట్లో ఏం జరుగుతోందో ఎవరూ అడగరు. అడగడం తప్పు, చెప్పడం అంతకన్నా తప్పు. ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయనకు ఒక్క నెలైనా కడుపునొప్పి వచ్చి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మాది ఎమ్మిగనూరు. నేత ఇల్లు. నాయన మగ్గం గుంతలో కూర్చుంటే మా అమ్మ, జేజి రాట్నాల ముందు కూర్చుని నూలు కండెలు చుట్టి అందించేవాళ్ళు. జేజి అంటే నాయనను కన్నతల్లి. నూలంటే మావాళ్ళకు దేవుడితో సమానం. బయట చేరిన ఆడది నూలు తాకకూడదు, మగ్గం ఉన్న గదిలోకి తొంగి చూడకూడదు. తాకితే పోగులు తెగుతాయనీ, ఇంట్లో ఎవరికో ఒకరికి కీడు జరుగుతుందనీ జేజి చెప్పేది. అమ్మ బయట చేరిన దినాల్లో జేజి ఒక్కతే చుట్టే కండెలు మగ్గానికి చాలేవి కావు. నాయన పని లేక వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ ఉండేవాడు. ఆయన అట్లా కూర్చుంటే ఊరందరికీ మా ఇంటి సంగతి తెలిసిపోయేది.

నన్ను ఆదోనిలో ఇచ్చారు. మా ఆయనకు పత్తి మిల్లులో పని. మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాకు మారిన కొత్తలో సంగతి ఇది. ఉగాది వెళ్ళిపోయింది. కైరుప్పలకు పోయి పిడకల కొట్లాట చూసొచ్చినవాళ్ళు వీధిలో ఆ కబుర్లే చెప్పుకుంటున్నారు. అప్పుడు ఎమ్మిగనూరు నుంచి పత్తి బండి తోలుకొచ్చిన మా వీధి మనిషి ఒకడు మిల్లు దగ్గర మా ఆయనను కలిసి, "పాపను ఒగసారి వచ్చిపొమ్మని వాళ్ళమ్మ సెప్పమన్యాదప్పా" అని చెప్పి పోయాడట. మా అమ్మ అట్లా కబురు పెట్టే మనిషి కాదు. పండక్కి వస్తానన్నా, మీ అత్తను అడిగినావా, మీ ఆయనకు వండేదెవరు అని సవాలక్ష అడిగేది. ఊరికే రమ్మంది అనేసరికి నా గుండెల్లో రాయి పడింది. మరుసటి పొద్దున బస్సుకే పోయాను.

అమ్మ గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది. మా అమ్మది మంచి నిగనిగలాడే నలుపు. ఆ నలుపు ఏమైపోయిందో, ముఖం బూడిద పూసినట్టు ఉంది. పెదవుల్లో రంగు లేదు. "ఏందమ్మా ఇట్లయినావు?" అంటే, "ఎండలు కదా" అంది. వాకిట్లో నుంచి వంటింట్లోకి నడిచి, అక్కడే ఆయాసంతో కూలబడింది.

కాసేపటికి చేట ముందు పెట్టుకుని బియ్యం ఏరసాగింది. ఏరుతూ ఏరుతూ పచ్చి బియ్యం గుప్పిట్లోకి తీసుకుని నోట్లో వేసుకుంటోంది. ఒకసారి రెండుసార్లు కాదు, ఏరినంతసేపూ నములుతూనే ఉంది. జేజికి ఆ శబ్దం వినబడింది.

"సూడు మే, మీయమ్మ ఎట్ల బొక్కుతాందో! నువ్వు కడుపుతో వస్తావనుకుంటే, మీయమ్మకు పుట్టినాయి ఆశలు" అని పగలబడి నవ్వింది.

అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే ముందుకు తూలి, చేట అంచు పట్టుకుని ఆగింది. జేజి అది చూడలేదు. ఆమెకు ఎడమ కన్ను చూపు పోయిందని, రెండోదీ మసకేనని మాఘమాసంలోనే మాకందరికీ తెలిసింది.

మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీసే వేళ అమ్మ గంపలో గుడ్డలు పెట్టుకుని వంకకు బయలుదేరింది. వద్దంటున్నా వెంట పోయాను. అందరూ ఉతికే బండలు దాటి, ఎవరూ రాని మలుపు దాకా పోయింది. గంపలో పైనున్న చీరల కింద నుంచి ఇంకో మూట తీసింది. పాత చీరల పీలికలు, నాయన పాత పంచె చింపిన ముక్కలు. ఒక్కొక్కటి నీళ్ళలో పెడుతుంటే వంక అంతా ఎర్రగా పారింది.

"బయట చేరినావా? మల్ల ఇంట్లో తిరుగుతాండావే?" అన్నాను.

"నీళ్ళు పోసుకున్యా మే."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. చలికాలం నుంచే ఎక్కువగా పోతోందట. నాలుగో దినం నీళ్ళు పోసుకున్నా, ఆ తర్వాత వారం పది రోజులు కనబడుతూనే ఉండేదట. పోయిన నెల మొదలైంది అసలు నిలవనే లేదు. కట్టుకున్న గుడ్డ వంట అయ్యేలోపలే తడిసిపోతోంది. రూపాయి బిళ్ళంత గడ్డలు పడుతున్నాయి.

"జేజికి సెప్పలేదా?"

"ఒగసారి అడిగితి. నిలిచే వయసులో అట్లే పోతాదంట. ఆమెకూ అట్లే పోయిందంట."

"ఆదోనికి పోదాం రా. ఆడ ఆడోళ్ళకు డాక్టరమ్మ ఉండాది" అన్నాను. అమ్మ చేతిలో గుడ్డ వదిలేసి ఏడ్వసాగింది. మా అమ్మ ఏడవడం నేను అంతకుముందు నా పెళ్ళిలోనే చూశాను.

"నీళ్ళు పోసుకుంటి కదా, ఇంగ ముట్టు గాదులే అనుకొని నూలు తాకితిని మే. దేవునికాడ దీపం పెడ్తిని. మళ్ళా బయట కూసుంటే మగ్గం నిలిచిపోతాదని సెప్పకపోతి. మాఘమాసంలో మీ జేజి కన్ను పాయె. అది నా పాపమే. డాక్టరమ్మ కాడికి పోవల్లంటే మీ నాయనకు సెప్పల్ల. ఆయనకు సెప్తే మీ జేజికి తెలుస్తాది. ఆమె కన్ను నేనే తీసినానని తెలిసినంక ఆ ఇంట్లో ఏ మొగం పెట్టుకోని తిరగల్ల?"

అట్లాంటి పిచ్చి మాటలు ఎవరైనా అంటారా అని కసిరాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. తడి చెయ్యి, మంచులా చల్లగా ఉంది. నా అరచేతిని లాక్కుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఎవురికీ సెప్పనని ఒట్టెయ్. సెప్పినావంటే నేను సచ్చినంత ఒట్టు."

ఆ చేతిలో బలమే లేదు. విడిపించుకోవడం నాకు చిటికెలో పని. కానీ ఆమె కళ్ళలోకి చూస్తూ విడిపించుకోలేకపోయాను. ఒట్టు వేశాను. తల మీద ఒట్టంటే ఈ కాలం పిల్లలకు ఆటగా ఉంటుంది. మేము అట్లా పెరగలేదు. ఒట్టు తప్పిన ఇళ్ళల్లో ఎవరెవరు ఎట్లా పోయారో చెప్పడానికి మా వీధిలో ప్రతి ముసలమ్మ దగ్గరా ఒక కథ ఉండేది, ఆ కథలన్నీ నేను నమ్మినదాన్నే. చెప్తే ఒట్టు చంపుతుంది. చెప్పకపోతే ఈ రక్తమే చంపేటట్టు ఉంది. తడిగుడ్డల గంప నెత్తిన పెట్టుకుని అమ్మ వెనక నడుస్తుంటే నాకు ఆమె మీదే పట్టరాని కోపం వచ్చింది.

సాయంత్రానికి ఒక ఉపాయం తట్టింది. ఒట్టు తప్పకుండానే అమ్మను ఆదోని చేర్చాలి. నాయన దగ్గరికి పోయి, నాకు నెల తప్పిందనీ, వాంతులతో పని చేసుకోలేకపోతున్నాననీ, అమ్మను నాలుగు రోజులు నాతో పంపమనీ అడిగాను. నాకు నెలా తప్పలేదు, ఏమీ తప్పలేదు. నాయన ముఖం వెలిగిపోయింది.

"రేపు పొద్దున పడుగుకు గంజి పెట్టేదుండాది. అది కానిచ్చి, ఎల్లుండి బస్సుకు తీస్కపో పాపా" అన్నాడు.

జేజి లోపలికి పోయి తడుముకుంటూ బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. ఎల్లుండి అన్న మాట నా చెవిలో గింగురుమంటూనే ఉంది. అమ్మ ఎల్లుండి దాకా ఆగుతుందా అన్నదే నా భయం. ఆమె లేచినా కూర్చున్నా అటే చూస్తూ ఉండిపోయాను.

పడుగుకు గంజి పెట్టడమంటే నేతగాళ్ళ వీధిలో పెద్ద పని. చీర పొడుగు దారాలన్నీ వీధి వెంబడి బారుగా సాచి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వుతూ పోవాలి. ఆలస్యమైతే పోగులు ఒకదానికొకటి అంటుకుపోయి పడుగంతా పాడవుతుంది. ఇరుగుపొరుగు వాళ్ళు సాయం పడతారు. పొద్దున్నే నాయన ఒక కొసన, జేజి ఇంకో కొసన నిలబడ్డారు. నడుమ కుంచె పట్టి వంగి దువ్వే పని ఎప్పుడూ అమ్మది.

నేను పోయి అమ్మ చేతిలో కుంచె లాక్కున్నాను.

"ఏయ్, కడుపుతో ఉండేది వంగి గంజి పట్టేదేందే!" జేజి అంత దూరం నుంచి అరిచింది. "దాన్ని అరుగు మీద కూసోబెట్టండి మే ఎవురైనా!"

పక్కింటి ఆడవాళ్ళు నవ్వుతూ నన్ను రెక్క పట్టుకుని అరుగెక్కించారు. అబద్ధం ఆడి నా కాళ్ళు నేనే కట్టేసుకున్నాను. కడుపుతో లేనని అరవాలి. అరిస్తే, మరి అమ్మను ఆదోనికి ఎందుకు రమ్మన్నావని అడుగుతారు. నేను నీడలో మహారాణిలాగా కూర్చుని, అమ్మ ఎండలో వంగి లేస్తూ, వంగి లేస్తూ పోతుంటే చూశాను. ఆమె ఒకసారి నడుము పట్టుకుని ఆగింది. ఇంకొకసారి ఆగింది. మూడోసారి ఆగినట్టే ఆగి, ముందుకు, తెల్లటి తడి పడుగు మీదికి బోర్లా పడిపోయింది.

నేను అరుగు మీద నుంచి దూకేసరికే దారాల మీద ఎరుపు పాకుతోంది.

పక్కనున్న ఆడవాళ్ళు చెయ్యి అందించబోయి వెనక్కు తగ్గారు. "ముట్టు మనిషి! పడుగు మీద పడినాది!" అని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాటతో అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఆ తర్వాత నా పురుళ్ళకు, పుణ్యాలకు అందరూ వచ్చి చేసినవాళ్ళే. ఆ పొద్దు మాత్రం మా అమ్మ చుట్టూ దడి కట్టినట్టు నిలబడి చూశారు. నేను అమ్మను లేపబోయాను. ఆమె చేతికి, మెడకు దారాలు చుట్టుకుపోయి ఉన్నాయి, ఎటు లాగినా రావడం లేదు.

నాయన ఆ కొస నుంచి పరుగున వచ్చాడు. అమ్మను చూశాడు, ఎరుపును చూశాడు. మొలలో ఉన్న కత్తి తీసి, తడి పడుగును అడ్డంగా కోసేశాడు. నేతగాడు తన పడుగును తానే కోయడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. తెగిన దారాలు వీధి మట్టిలో పడ్డాయి.

ఎవరో చెప్పగా జేజికి సంగతి తెలిసింది. "తాకొద్దు అబ్బీ! మళ్ళా నీళ్ళు పోసుకోవల్ల!" అని కేక పెట్టింది.

"పోసుకుంటాలే మా" అని నాయన అమ్మను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు.

రోడ్డు మీదికి వచ్చేసరికి ఆదోని మిల్లుకు పోయే పత్తి లారీ ఒకటి కనబడింది. డ్రైవరు సాయిబు మమ్మల్ని చూసి ఏమీ అడగలేదు. "జల్దీ ఎక్కించండప్పా, బోరాల మీద పండబెట్టండి" అన్నాడు. పత్తి బస్తాల మీద పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. నాయన కాళ్ళ దగ్గర కూర్చుని, జారకుండా పట్టుకున్నాడు. సగం దారిలో అమ్మకు తెలివి వచ్చింది. నా ముంజేయి పట్టుకుని, "ఒట్టు" అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అమ్మ కంటి కింది రెప్ప లాగి చూసి ముఖం చిట్లించింది. ఎన్ని రోజుల నుంచి అని అడిగింది.

"నిన్ననే" అంది అమ్మ.

"నెల తప్పి ఉండిందా? కడుపు పోయిందా?"

"ఊ."

ఏది అడిగితే దానికి ఊ కొట్టేటట్టు ఉంది. నాయన గుమ్మం దగ్గర నేల చూస్తూ నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ నర్సుతో ఇంగ్లీషులో ఏదో చెప్పబోయింది. నేను అమ్మ వైపు చూశాను. వద్దు వద్దని ఆమె కళ్ళే అంటున్నాయి. ఇప్పుడు నేను మాట్లాడితే మా అమ్మ చచ్చిపోతుంది, చంపేది నేనే అని నాకు ఖాయంగా తెలుసు. అయినా నోరు తెరిచాను.

"అబద్ధం డాక్టరమ్మా! చలికాలం నుంచీ పోతోంది. పోయిన నెల నుంచి నిలవనే లేదు" అని మొదలుపెట్టి అన్నీ కక్కేశాను. గడ్డలు, పచ్చి బియ్యం, ఆయాసం, నూలు తాకింది, దీపం పెట్టింది, జేజి కన్ను, నాకు నెల తప్పిందని నేనాడిన అబద్ధం, అన్నీ. మధ్యలో ఆపితే మళ్ళీ మాట్లాడలేనని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అమ్మ కళ్ళు మూసుకుంది. ముఖం గోడ వైపుకు వాలిపోయింది.

పోయింది అనుకున్నాను. ఆసుపత్రి దద్దరిల్లేటట్టు కేక పెట్టాను.

"నోరు ముయ్! బతికే ఉంది. అవతలికి పో" అని డాక్టరమ్మ నన్ను బయటికి నెట్టింది.

పరీక్ష చేసి వచ్చి ఆమె నాయనతో చెప్పింది. గర్భసంచిలో కంతి పెరిగింది. కడుపు పోవడం కాదు. మొదట రక్తం ఆపాలి, ఎక్కించాలి, కొంచెం కోలుకున్నాక ఆపరేషన్ చేసి సంచి తీసెయ్యాలి. రక్తం అన్న మాట వినగానే నాయన చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు. పరీక్షలో ఆయన రక్తం సరిపోయింది. ఆడవాళ్ళ సంగతి ఒక్కటీ నోటితో పలికి ఎరగని మనిషి ఆ బల్ల మీద పడుకుని, "ఇంగా తీసుకోండి తల్లీ" అన్నాడు.

నేను మాత్రం అమ్మ మంచం దగ్గరికి పోలేదు. వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. ఒట్టు వెంటనే తగలదేమో, కాసేపు ఆగి తగులుతుందేమో అని నా భయం. నర్సు బయటికి వచ్చినప్పుడల్లా ఆమె ముఖమే చూసేదాన్ని. మా ఆయన మిల్లు నుంచి వచ్చి, లోపలికి పోయి చూసి, "మాట్లాడుతాండాది, రా" అన్నా నేను లేవలేదు.

మరుసటి రోజు జేజి బస్సులో దిగింది. నాయన ఆమెకు అంతా చెప్పాడు. కొంచెం దాచినా బాగుండేదని నేను గుమ్మం బయటే నిలబడ్డాను. జేజి తడుముకుంటూ పోయి మంచం పట్టె మీద కూర్చుంది. మంచాన్ని తాకింది, అమ్మనూ తాకింది.

"నా కన్ను నువ్వు తీసినావా? నీకు అంత తాహతు యాడిది మే?" అని దులపడం మొదలుపెట్టింది. "ఆ కన్ను పోయిన దసరాకే సచ్చింది. సెప్తే రాట్నం కాడ నుంచి లేపి మూలన కూసోబెడ్తారని నోరు మూసుకోని ఉంటి. మాఘమాసంలో గడప తట్టుకోని పడేసరికి మీకు తెలిసిపాయె. నా కన్ను నేను దాసిపెట్టుకుంటే, దాన్ని తీస్కపోయి నీ నెత్తిన ఏసుకుంటివే, పిచ్చిదానా!"

కాసేపటికి అత్తా కోడళ్ళు ఇద్దరూ ఏడవసాగారు. గుమ్మం బయట నేనూ ఏడ్చాను.

డాక్టరమ్మ వచ్చి ముగ్గురికీ కలిపి చీవాట్లు పెట్టింది. నిలిచే వయసులో అట్లాగే పోతుందని ఊరుకోవద్దంది. గంటకో గుడ్డ తడిసినా, వారం దాటినా, గడ్డలు పడినా, రెండు ముట్ల నడుమ కనబడినా, నడిస్తే ఆయాసం వచ్చి కళ్ళు తిరిగినా ఆ రోజే రావాలంది. నిలిచిపోయి ఏడాదయ్యాక మళ్ళీ ఒక్క చుక్క కనబడినా రావాల్సిందేనంది. నీళ్ళు పోసుకునే దినం కోసం కాచుకోవద్దంది.

జేజి అంతా విని, "ఆ మూడు దినాల్లో ఎట్ల వచ్చేది తల్లీ? బస్సులో అందర్నీ తాకల్ల కదా?" అంది.

"తాకండి" అంది డాక్టరమ్మ.

నేను మంచం దగ్గరికి పోయింది ఆ తర్వాతే. అమ్మ పెదవులకు కొంచెం రంగు తిరిగింది. చెయ్యి చాచితే, తల మీద పెడుతుందేమోనని వెనక్కు తగ్గాను.

"ఒట్టు దప్పినదానా" అంది. గొంతు పీలగా ఉంది. "మీ నాయన ముందర నా గుట్టంతా ఇప్పి పారేస్తివే."

"సావలేదు కదా మా" అన్నాను.

"లేదు" అంది, తనకే నమ్మకం లేనట్టు. తర్వాత చేతికి గుచ్చిన సూది వైపు చూసుకుంటూ, "మీ నాయన రక్తమంట కదా. ఇంగ ఆయప్ప కోపం గూడా నాకే వస్తాదేమో" అంది.

నిజంగానే వచ్చింది. ఆపరేషన్ అయి, ఒళ్ళు తేరుకుని, మళ్ళీ రాట్నం ముందు కూర్చుని, మా అమ్మ చాలా ఏళ్ళు బతికింది. నేను చేసిన దాన్ని ఆమె పూర్తిగా క్షమించలేదు. పప్పులో ఉప్పు ఎక్కువ వేసినా, చెప్పిన పొద్దుకు రాకపోయినా, పిల్లలను కొట్టినా, ముందు ఆ మాటే వచ్చేది, "ఒట్టు దప్పినదానా!" అని. పిల్లలు ఎందుకట్లా అంటుందని అడిగితే చెప్పేదాన్ని కాదు. పుట్టింటి గడప తొక్కగానే ఆ తిట్టు వినబడితే నాకు ప్రాణం కుదుటపడేది. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా నన్నట్లా తిట్టేవాళ్ళు లేరు.